‘కుటుంబం’ అన్న మాటలో మీ మరిది ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న:

మేడమ్, మాకు పెళ్లై 14 ఏళ్లు. ఇద్దరం ఉద్యోగస్తులమే. అమ్మాయికి 12 ఏళ్లు, అబ్బాయికి 8. డబ్బు దగ్గర తరచూ మాటా మాటా వస్తోందని మూడు నెలల క్రితం నేనే పూనుకుని నలుగురినీ కూర్చోబెట్టాను. డబ్బు విషయంలో మన ఇంటి విలువలు ఏమిటో రాసుకుందామన్నాను. గంటసేపు నవ్వుకుంటూనే రాశాం. కుటుంబం ముందు, పొదుపు, నిజాయితీ, చదువు, సాయం. అమ్మాయి వాటికి నంబర్లు వేసి, రంగులు దిద్ది ఫ్రిజ్ తలుపుకు అంటించింది. సరిగ్గా పది రోజులకు మావారు వాళ్ల తమ్ముడికి నా రెండు నెలల జీతమంత డబ్బు చేబదులు ఇచ్చారు. నాకు చెప్పలేదు. ఫోనుకు బ్యాంకు మెసేజ్ వస్తే తెలిసింది. అడిగితే ఆ కాగితం చూపించి, ‘కుటుంబం ముందు అని మనమే రాసుకున్నాం కదా’ అన్నారు. పైగా అది బోనస్ డబ్బట, ఇంటి ఖర్చుల డబ్బు ముట్టుకోలేదట. నాకు కుటుంబం అంటే మేం నలుగురం. ఆ డబ్బు అమ్మాయి పై చదువుకని నేను మనసులో పెట్టుకున్నది. అప్పటినుంచి ఆ కాగితంతోనే పోట్లాడుకుంటున్నాం. నేను ఒక మంచి చెప్పుల జత కొనుక్కుంటే ‘రెండో నంబరు చదువుకో’ అంటారు. మొన్న అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, ‘అమ్మా, మనం ఉన్నవాళ్లమా, లేనివాళ్లమా?’ అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. విలువలు రాసుకుంటే గొడవలు తగ్గుతాయంటారు. మాకు పెరిగాయెందుకు?

(పేరు వద్దు)

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫ్రిజ్ తలుపు మీద ఐదు మాటలు, మీ అమ్మాయి దిద్దిన రంగులు, దాని ముందు నిలబడి మీరిద్దరూ చెరో నంబరు మీదా వేలు పెట్టడం, అంతా కళ్లకు కట్టింది. ఆ కాగితం మీ ఇంట్లో గొడవ పుట్టించిందని నేను అనుకోను. 14 ఏళ్లుగా లోపల ఉన్నదాన్ని పది రోజుల్లో బయటికి లాగింది. ‘కుటుంబం’ అన్నప్పుడు మీ మనసులో నలుగురు కూర్చుని ఉన్నారు. మీవారి మనసులో ఐదుగురో, ఏడుగురో. ఇన్నేళ్లూ ఒకే మాట పలుకుతూ ఎవరి తలలు వాళ్లు లెక్కపెట్టుకున్నారు.

తప్పు జరిగిందా అంటే జరిగింది. మాటల దగ్గర ఆగిపోయారు. మీరు రాసుకున్న ఐదింటిలో కాదనగలిగినది ఒక్కటైనా ఉందా? మా ఇంటికి నిజాయితీ వద్దని ఎవరంటారు? పిల్లలకు చదువెందుకని మీ ఇద్దరిలో ఎవరంటారు? ఎవరూ కాదనలేని మాట ఏ తగవునూ తీర్చలేదు. గంటసేపు నవ్వుకుంటూ రాశామన్నారు చూడండి, నాకు అనుమానం అక్కడే వచ్చింది. డబ్బు గురించి నిజంగా మాట్లాడుకుంటే మొదటి గంట నవ్వుతూ గడవదు.

అమెరికన్ సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త మిల్టన్ రోకీచ్ 1973లో విలువల గురించి ఒక పరిశీలన పద్ధతిని వివరంగా ప్రచురించారు. జీవితంలో చేరుకోవాలనుకునేవి 18, నడుచుకునే తీరుకు సంబంధించినవి 18, ఇలా రెండు జాబితాలు మనుషుల చేతికిచ్చేవారు. వాటికి మార్కులు వేయమనలేదు. ఒకదాని కింద ఒకటి వరసగా పేర్చమన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చడానికి కారణం ఇదే. మార్కులు వేయమంటే మనమందరం ఉదారంగా అన్నింటికీ పదికి తొమ్మిది వేసేస్తాం. ఒకదాన్ని పైకి జరపాలంటే మరొకదాన్ని కిందికి నెట్టాలన్నప్పుడు మాత్రం చెయ్యి తటపటాయిస్తుంది. ఆ తర్వాత షాలోమ్ ష్వార్ట్జ్ అనే పరిశోధకుడు 1992లో 20 దేశాల సమాచారం ముందు పెట్టుకుని, మనుషుల విలువలను 10 రకాలుగా విభజించి, వాటిని ఒక చక్రంలా అమర్చి చూపించారు. పక్కపక్కన ఉన్నవి కలిసి నడుస్తాయి, ఎదురెదురుగా ఉన్నవి ఒకదాన్నొకటి లాగుతాయి. భద్రత కోరుకునే మనసుకు ఎదురుగా కొత్తదనం, స్వేచ్ఛ ఉంటాయి. అందరిలోనూ అన్నీ ఎంతో కొంత ఉంటాయి. తేడా అంతా ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గరే వస్తుంది.

మీ కాగితం మీద నంబర్లున్నాయి కాబట్టి వరస కూడా తేలిపోయిందనుకుంటున్నారేమో. ఆ నంబర్లు తోచిన క్రమంలో పడినవే కదా. పొదుపు రెండోది, చదువు నాలుగోది. అంటే బ్యాంకులో డబ్బు కదలకుండా ఉండటం కోసం అమ్మాయిని చదువు మాన్పించేస్తారా? మాన్పించరు. కాబట్టి ఆ నంబర్లను మీరే నమ్మడం లేదు. పోట్లాటకు మాత్రం వాడుకుంటున్నారు.

ఇక బోనస్ సంగతి. ఇక్కడ మీవారిని కాస్త వెనకేసుకొస్తాను, కోపం తెచ్చుకోకండి. రిచర్డ్ థేలర్ అనే ఆర్థిక శాస్త్రవేత్తకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి తన బుర్రలో డబ్బుకు వేరువేరు డబ్బాలు పెట్టుకుంటాడని ఆయన 1980ల నుంచీ చెబుతూ వచ్చారు. నోటు మీద ఎక్కడా ‘ఇది జీతం’, ‘ఇది అదనం’ అని రాసి ఉండదు. అయినా జీతం డబ్బును ఆచి తూచి ఖర్చు చేసే మనిషే అనుకోకుండా చేతికొచ్చిన డబ్బును తేలిగ్గా తీసేస్తాడు. మీవారి దృష్టిలో బోనస్ అనేది ఇంటి డబ్బాలోకి ఇంకా చేరని డబ్బు. అందులోంచి ఇచ్చినప్పుడు ఆయనకు మీదేదో తీసినట్టు అనిపించి ఉండదు. అబద్ధమాడుతున్నారని అనుకోకండి, ఆయన లెక్కలో అది నిజమే. మీరూ అదే పని చేశారు. అదే డబ్బుకు ‘అమ్మాయి పై చదువు’ అని మనసులో పేరు పెట్టుకున్నారు. ఆ పేరు పైకి చదివారా? లేదు. ఒకే డబ్బా మీద మీరొక చీటీ, ఆయనొక చీటీ అంటించారు. రెండు చీటీలూ కంటికి కనబడనివే.

చెప్పకుండా ఇవ్వడాన్ని మాత్రం వెనకేసుకురాను. అది వేరే పద్దు. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఆ మాటలు మీ ఇద్దరిలోకి ఎక్కడినుంచి వచ్చాయో తవ్వి చూడాలి. మా ఇంటి సంగతి చెబుతాను. మా నాన్నగారు వచ్చిన ఉత్తరాల కవర్లను పారేసేవారు కాదు. బ్లేడుతో అంచులు కోసి, తిరగేసి, ఆ లోపలి తెల్లటి వైపున నెల పద్దులు రాసేవారు. నేను అది చూస్తూ పెరిగాను. ఈ రోజుకీ ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం చింపాలంటే నాకు చెయ్యి రాదు. పొదుపు అంటే నాకు నాన్నగారి వేళ్లు, ఆ బ్లేడు, మధ్యాహ్నపు నిశ్శబ్దం. అందులో ప్రేమ ఉంది. మావారి చిన్నతనంలో వాళ్ల నాన్నగారు ఒక స్నేహితుడి అప్పుకు జామీను సంతకం పెట్టారు. ఆ స్నేహితుడు చేతులెత్తేశాడు. ఏడాది తిరిగేలోగా వాళ్లు ఉంటున్న ఇల్లు పోయింది. సామాను దించుతుంటే తన పుస్తకాల పెట్టె ఎవరో తలకిందులుగా పట్టుకున్నారని, పుస్తకాలన్నీ మెట్ల మీద జారిపోయాయని ఇప్పటికీ చెబుతారు. ఇల్లు పోయిన సంగతి కంటే ఆ పుస్తకాల సంగతే ఎక్కువసార్లు చెబుతారు. పెళ్లైన కొత్తలో నేను ఎవరికైనా సాయం చేద్దామంటే ఆయన మొహం గంటు పెట్టుకునేవారు. పిసినారి మనిషి దొరికాడని నాలో నేను అనుకున్నాను. పుస్తకాల పెట్టె కథ నాకు తెలిసింది పెళ్లైన ఆరేళ్లకు.

మీవారికీ అలాంటి పెట్టె ఒకటి ఉండి ఉంటుంది. తమ్ముడు అడగగానే మరో ఆలోచన లేకుండా ఇచ్చారంటే, ఆ అన్నదమ్ముల మధ్య మీకు పూర్తిగా తెలియని పాత లెక్క ఏదో ఉందేమో కనుక్కోండి. ఈయన చదువుకుంటున్నప్పుడు అతను దేన్నైనా వదులుకున్నాడా? ఇంటి భారం ఎవరు ముందు మోశారు? ‘ఎందుకిచ్చారు’ అని అడిగితే సంజాయిషీ వస్తుంది. ‘మీ ఇంట్లో డబ్బుకు ఇబ్బంది వచ్చినప్పుడు మీరిద్దరూ ఏం చేసేవారు’ అని అడిగితే కథ వస్తుంది. మీరూ మీ కథ చెప్పండి. ఆడపిల్ల చదువుకు డబ్బు దాచడం మీకంత ప్రాణంగా ఎందుకుందో ఆయనకు తెలుసా? మీ చదువు ఎక్కడైనా ఆగిందా? ఉత్తరంలో రాయలేదు కాబట్టి నేను ఊహించను. ఆయన మాత్రం అడగాలి.

కథలు చెప్పుకున్నాక లెక్కల దగ్గరికి రండి. పోయిన మూడు నెలల బ్యాంకు లావాదేవీల కాగితాలు రెండు ప్రతులు తీసుకోండి. చెరొకటి. ఇద్దరూ ఒకే గదిలో, మాట్లాడుకోకుండా, చేతిలో రెండు రంగుల పెన్సిళ్లతో కూర్చోండి. ఈ ఖర్చు మళ్లీ సంతోషంగా చేస్తాను అనిపించినదాని చుట్టూ నీలం, అనవసరం అనిపించినదాని చుట్టూ ఎరుపు. మీరు చేసిన ఖర్చు, ఆయన చేసిన ఖర్చు అన్న తేడా లేకుండా మొత్తం. పూర్తయ్యాక ప్రతులు పక్కపక్కన పెట్టుకోండి. ఇద్దరూ నీలం చుట్టినవే మీ ఇంటి ఉమ్మడి విలువలు. ఫ్రిజ్ మీద ఉన్నవి మీరు కావాలనుకున్నవి. ఈ కాగితం మీద ఉన్నవి మీరు బతికినవి.

మేం ఈ పని చేసినప్పుడు నేను ఎరుపు చుట్టిన ఒక చిన్న మొత్తాన్ని మావారు నీలంతో రెండుసార్లు చుట్టారు. ఆయన తన చిన్నప్పటి పంతులుగారికి నెలనెలా పంపుతున్నదట అది. సాయమంటే భయపడే మనిషి! జామీను సంతకానికి, నెలనెలా పంపే కొద్ది డబ్బుకు మధ్య ఆయన మనసులో ఒక గీత ఉంది. ఇవ్వగలిగినంత ఇవ్వాలి, తిరిగి రావాలని చూడకూడదు, రేపటిని తాకట్టు పెట్టకూడదు. ఆ గీత ఆయన నోటితో ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఆ రోజు పెన్సిల్ చెప్పింది. తర్వాత నేను ఏళ్ల తరబడి తెరవని పత్రికల చందా మీద ఆయన ఎరుపు చుట్టారనుకోండి, అది వేరే సంగతి. ఆ చందా ఇంకా కడుతూనే ఉన్నాను.

ఎరుపు, నీలం ఒకేదాని మీద పడిన చోట ఆగండి. మీ పని అంతా అక్కడే ఉంది. అలాంటివి నాలుగైదు కంటే ఎక్కువ ఉండవు. ఒక్కొక్కదాని గురించి ఒక పూర్తి వాక్యం రాయండి. ఒంటరి మాట వద్దు. వాక్యంలో ఎవరు, ఎంత, ఎప్పుడు, ఎవరికి చెప్పి అన్నవి ఉండాలి. ‘సాయం’ అన్నది మాట. ‘మన ఇద్దరి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కష్టంలో ఉంటే, ఏడాదిలో మనం పక్కన పెట్టుకున్న మొత్తం దాటకుండా, ఇద్దరం అనుకున్నాక ఇస్తాం. ఇచ్చింది తిరిగి వస్తే సంతోషం, రాకపోతే ఎత్తి చూపం.’ ఇది వాక్యం. దీన్ని కాదనవచ్చు, బేరమాడవచ్చు, రెండేళ్ల తర్వాత మార్చుకోవచ్చు. అందుకే ఇది పనికొస్తుంది. అలాగే ‘కుటుంబం’ అన్న మాటను రెండు మూడు వృత్తాలుగా విడదీయండి. నలుగురి తిండీ, ఇల్లూ, చదువూ, జబ్బూ లోపలి వృత్తం. దాన్ని కదిలించి ఎవరికీ ఏమీ చేయకూడదని ఇద్దరూ ఒప్పుకుంటే, బయటి వృత్తంలో మరిది ఉన్నా మీకు భయం ఉండదు. తనకు మాలిన ధర్మం పనికిరాదని పెద్దలు అన్నది లోపలి వృత్తం గురించే. బయటివాళ్లకు అసలు ఏమీ ఇవ్వకూడదని వాళ్లూ అనలేదు. చేతికి ఎముక లేని మనుషులను మనవాళ్లు మెచ్చుకుంటూనే వచ్చారు.

నిజాయితీ గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. ఒక్క హద్దు చాలు. ఇంత మొత్తం దాటితే, ఏ డబ్బాలోంచి అయినా సరే, ఎవరికోసమైనా సరే, ముందుగా రెండోవారికి తెలియాలి. ఆ ‘ఇంత’ ఎంతో నేను చెప్పను. ఆ మొత్తం పూర్తిగా పోయినా ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర పట్టాలి, అదీ కొలత. మీకు తక్కువలోనే నిద్ర చెడుతుంది, ఆయనకు ఎక్కువలో చెడుతుంది అనుకుంటే తక్కువదే హద్దుగా పెట్టుకోండి. ఇక్కడ సగటు తీయకూడదు.

మీ చెప్పుల జత సంగతి మరిచిపోలేదు. ఇద్దరికీ నెలకు కొంత సొంత డబ్బు ఉండాలి, దాని మీద ఎవరికీ ఆరా ఉండకూడదు. జీతాల్లో తేడా ఉన్నా ఆ మొత్తం సమానంగా ఉండాలన్నది నా అభిప్రాయం. ఎక్కువ సంపాదించేవారికి ఎక్కువ చిల్లర ఖర్చు అంటే ఇంట్లో ఇద్దరు యజమానుల బదులు ఒక యజమాని, ఒక ఉద్యోగి తయారవుతారు. చెప్పులు కొనడానికి రెండో నంబరు అనుమతి అడగడం నాకు నచ్చలేదు. ఆయన కొనే వస్తువుల మీద మీరూ ఆ నంబరు విసిరే ఉంటారు లెండి.

మీలాంటి జంటలు అరుదేమీ కాదు. ఖర్చు పెట్టేటప్పుడు గుండె చివుక్కుమనేవాళ్లు, ఏమీ అనిపించనివాళ్లు ఒకరినొకరు వెతుక్కుని మరీ పెళ్లి చేసుకుంటున్నారని స్కాట్ రిక్, డెబొరా స్మాల్, ఎలై ఫింకెల్ అనే పరిశోధకులు 2011లో రాశారు. తమలో తమకు నచ్చని గుణానికి ఎదుటివారిలో విరుగుడు కనబడుతుంది కాబోలు. పెళ్లి ముందు ఆకర్షణగా కనిపించిన ఆ తేడాయే తర్వాత డబ్బు తగాదాలకు దారి తీస్తోందని కూడా అదే పరిశీలనలో తేలింది. ఇక లారెన్ పాప్ అనే పరిశోధకురాలి బృందం 100 జంటల చేత 15 రోజులు డైరీ రాయించి, ఇంట్లో ఏ గొడవ ఎందుకొచ్చిందో చూసి 2009లో ప్రచురించింది. అన్నింటికంటే ఎక్కువసార్లు వచ్చిన గొడవ డబ్బుది కాదు, పిల్లలూ ఇంటి పనులూ దానికి ముందున్నాయి. అయితే డబ్బు గొడవ మళ్లీ మళ్లీ వచ్చింది, పరిష్కరించుకోవాలని మిగతావాటికంటే ఎక్కువగా ప్రయత్నించినా తెగలేదు. కాబట్టి ఒక్క ఆదివారం కూర్చుని తేల్చేస్తామనుకుని, తేలకపోతే మన కాపురమే ఇంతేనని కుంగిపోవద్దు. కొన్ని తేడాలు మీతోపాటే ముసలివవుతాయి. అవి ఉంటూనే ఇల్లు నడుస్తుంది.

ఉమ్మడి ఖాతా పెట్టుకోమంటారా అని మీరు అడగలేదు. అడుగుతారని తెలుసు కాబట్టి చెబుతున్నాను. జెన్నీ ఓల్సన్, స్కాట్ రిక్ తదితరులు 2023లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, నిశ్చితార్థమైనవారూ కొత్తగా పెళ్లైనవారూ కలిపి 230 జంటలను రెండేళ్లు గమనించారు. కొందరిని ఉమ్మడి ఖాతా పెట్టుకోమన్నారు, కొందరిని ఎవరి ఖాతా వాళ్లే ఉంచుకోమన్నారు, మిగతావాళ్లను వాళ్ల ఇష్టానికి వదిలేశారు. ఉమ్మడి ఖాతా వాళ్ల అనుబంధం రెండేళ్ల తర్వాత కూడా నిలకడగా ఉంది, మిగతావాళ్లది కాస్త తగ్గింది. అవి కొత్త జంటలు. మీది 14 ఏళ్ల కాపురం, అలవాట్లు ముదిరాయి. అందుకని ఇంటి ఖర్చులకు, పిల్లల చదువుకు ఒక ఉమ్మడి ఖాతా, పైన చెప్పిన సొంత డబ్బుకు చెరో ఖాతా అన్నది మీకు సరిపోతుందనుకుంటున్నాను. అమ్మాయి పై చదువు డబ్బుకు ఈసారి కంటికి కనబడే చీటీ అంటించండి. విడిగా ఒక పొదుపు ఖాతా, దానికి ఆ పేరు.

బ్రిటన్‌లో 1980లలో దంపతుల డబ్బు గురించి పరిశోధించిన సమాజ శాస్త్రవేత్త జాన్ పాల్ ఒక తేడా పట్టుకున్నారు. (పేరు అలా వినిపిస్తుంది కానీ ఆవిడ మహిళ.) డబ్బు వ్యవహారాలు చూడటం వేరు, డబ్బు మీద అధికారం వేరు అన్నారు. బిల్లులు కట్టేది, గడువులు గుర్తుపెట్టుకునేది, నెలాఖరుకు తడుముకునేది ఒకరు. పెద్ద మొత్తం ఎటు పోవాలో నిర్ణయించేది ఇంకొకరు. మీ ఇంట్లో ఎవరు ఏది చేస్తున్నారో ఒకసారి చూసుకోండి. చాకిరీ మీదీ, నిర్ణయం ఆయనదీ అయితే మీ కోపంలో సగం మరిది మీద కాదు. ఇంకొక మాట కూడా ఇక్కడే. మీ జీతం మీ చేతికి రాకుండా చేయడం, ఖాతా చూడనివ్వకపోవడం, మీ పేరున మీకు తెలియని అప్పులు తేవడం లాంటివి జరుగుతుంటే ఇదంతా పక్కన పెట్టి, మీరు నమ్మే మనిషికీ, ఒక న్యాయవాదికీ చెప్పండి. అది విలువల తేడా కాదు, దౌర్జన్యం. మీ ఉత్తరంలో ఆ ఛాయ నాకు కనబడలేదు.

ఇచ్చేసిన డబ్బు సంగతి. అది చేబదులా, సాయమా? మీవారికి ఒకటి, మీ మరిదికి ఇంకొకటి అయి ఉండవచ్చు. చేబదులు అయితే ఎప్పుడు, ఎన్ని విడతల్లో తిరిగి ఇవ్వాలో మీవారే మాట్లాడి ఒక కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం వల్ల అన్నదమ్ముల ప్రేమ తగ్గదు. గడువు లేని బాకీ ఉన్నవాడే అన్నగారింటి గడప తొక్కడానికి మొహమాటపడతాడు. సాయమే అయితే ఆ మాట అతనికి చెప్పేయమనండి, మీరూ ఆ పద్దు కొట్టేయండి. రెంటికీ మధ్య వేలాడదీయకండి. ‘మా ఆవిడ ఒప్పుకోవడం లేదు’ అని మాత్రం మీవారు తమ్ముడితో అనకూడదు. నిర్ణయం ఇద్దరిదీ అయినప్పుడు కబురు ‘మేం అనుకున్నాం’ అని వెళ్లాలి. ఇది ముందే మాట తీసుకోండి.

పిల్లలను మొదటి రోజే కూర్చోబెట్టడం తొందరపాటు. ఎనిమిదేళ్ల అబ్బాయి ముందు బాబాయి సంగతి ఎలా మాట్లాడతారు? ముందు మీరిద్దరూ తేల్చుకోండి, తర్వాత వాళ్లను పిలవండి. పిలిచాక మాత్రం నిజంగా ఏదో ఒకటి వాళ్ల చేతిలో పెట్టండి. సెలవులకు పక్కన పెట్టిన మొత్తం ఇంత, దీన్ని ఎలా ఖర్చు చేద్దామో మీరు చెప్పండి అంటే పన్నెండేళ్ల పిల్ల మీరు ఆశ్చర్యపోయేలా లెక్క వేస్తుంది. ఎనిమిదేళ్లవాడు మొత్తం ఒక్క బొమ్మకే పెడదామంటాడు. వాడి ఓటు కూడా లెక్కలోకి రావాలి.

మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పకుండా వదలకండి. ఆ పిల్ల అడిగింది మీ ఆస్తి వివరాలు కాదనుకుంటున్నాను. అమ్మానాన్నలు అలా అరుచుకుంటున్నారంటే మనకేమైనా అయిపోతోందా అని అడిగింది. ఇలా చెప్పి చూడండి. ‘మనకు కావలసినవాటికి డబ్బు ఉంది. కోరుకున్నవన్నీ ఒకేసారి కొనేంత లేదు. ఏది ముందో తేల్చుకోవడంలో నాన్నకూ నాకూ తేడా వచ్చింది, దాన్ని మేం సరిచేసుకుంటున్నాం. నీ చదువు మాత్రం ఈ తేడాలో లేదు.’ చివరి వాక్యం అనే ముందు మీవారు కూడా అదే మాట అంటారని ఖాయం చేసుకోండి. వీలైతే ఆయన చేతే చెప్పించండి.

ఫ్రిజ్ మీది కాగితాన్ని చింపకండి. మా నాన్నగారి కూతురిగా నేను ఆ మాట ఎలాగూ అనలేను. అమ్మాయికి చెప్పి, దాని అనుమతితో తీసి, తిరగేయండి. వెనక ఖాళీగానే ఉంటుంది కదా. అక్కడ పెన్సిల్‌తో, కొట్టివేసి మళ్లీ రాయడానికి వీలుగా, మొదటి వాక్యం మీ మరిది గురించి రాయండి. ముందు మీవారిని రాయమనండి. ఆయన రాసింది చదివాక పెన్సిల్ మీరు తీసుకోండి.